ఆషాఢంలో ఆనకట్ట సీను

మా వీధి చివర కొత్తగా పెట్టిన టిఫిన్ హోటల్లో ఉప్మా పెసరట్టు అడిగితే ఉప్మాని వేరే గిన్నెలో పెట్టి తెస్తున్నారు. పెసరట్టు ఒక పళ్ళెంలో, ఉప్మా ఒక గిన్నెలో, అల్లప్పచ్చడి మూత బిగించిన ప్లాస్టిక్ కప్పులో. మూడింటినీ కలిపే బాధ్యత మనది. "ఇదేంటండీ, ఉప్మా లోపల పెట్టి మడిచి కదా తేవాలి" అని కౌంటర్లో కూర్చున్నాయన్ని అడిగితే, "కొంతమందికి ఉప్మా నచ్చదండి, ఎవరి ఛాయిస్ వాళ్ళకి ఉండాలి కదండీ" అన్నాడు. ఉప్మా నచ్చనివాడు ఉప్మా పెసరట్టు ఎందుకు అడుగుతాడో నాకు తెలియలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు. నేను గొడవలు పెట్టుకునే రకం కాదు కనక, నోరు మూసుకుని ఉప్మాని చెంచాతో పెసరట్టులోకి బదిలీ చేసుకుంటున్నాను. అప్పుడు జేబులో ఫోను కుయ్యిమంది. మా బావ ఏదో పంపించాడు.

మా బావ పంపించేవి సాధారణంగా నేను చూడను. ఆ రోజు చెంచా పట్టుకున్న చేత్తోనే పొరపాటున నొక్కేశాను. ఎవరో గడ్డం పెంచిన యువకుడు కెమెరా వైపు వేలు చూపిస్తూ, ఫలానా ముసుగు వీరుడి సినిమా రెండో భాగంలో ఒళ్ళు గగుర్పొడిచే ఘట్టాలు ఏవో ఒకదాని తరవాత ఒకటి చెబుతున్నాడు. ఒక్కో ఘట్టం చెప్పే ముందు ఊపిరి బిగబడుతున్నాడు, చెప్పాక వదులుతున్నాడు. ఆ సినిమాని 'క్లాసిక్' అన్నాడు. వచ్చి ఇరవై ఏళ్ళు దాటితే దేన్నయినా అలాగే అంటారు కాబోలు. ఆ లెక్కన మా ఇంటి గ్రైండరు కూడా క్లాసిక్కే. దానికి రెండో భాగం తీయలేదు, అంతే తేడా. వీడియో కింద మా బావ రాసిన మాట: "వచ్చే ఆదివారం రాజమండ్రిలో మళ్ళీ రిలీజ్. మనం ముగ్గురం వెళ్తున్నాం. మీ అక్కకి చెప్పకు, సర్‌ప్రైజ్."

సినిమా పేరు చెప్పను. చెబితే దాన్ని ప్రేమించేవాళ్ళు నా మీదికొస్తారు, వాళ్ళకి వయసొచ్చినా తీరిక తగ్గలేదు. కథ మాత్రం చెబుతాను, అందులో దాచేంత విషయం ఏమీ లేదు. మొదటి భాగంలో ఒక మామూలు గుమాస్తాకి ఏదో ప్రమాదంలో పెద్ద బలం వస్తుంది. ముసుగు వేసుకుని ఊరిని కాపాడతాడు. సినిమాకి లాభాలొచ్చాయి కనక ఊరు మళ్ళీ ప్రమాదంలో పడింది. అదే రెండో భాగం. అందులో వీరుడు ప్రేమ కోసం బలాన్ని వదులుకుంటాడు, గడియార స్తంభం మీంచి పడతాడు, బలం తిరిగొస్తుంది, కూలిపోతున్న విమానాన్ని అరచేతుల మీద దించుతాడు, ఆఖర్న పగిలిపోతున్న ఆనకట్టకి వీపు ఆనించి నిలబడతాడు. ఒంటికి అతుక్కుపోయిన ఆ బట్టలతో అన్నేసి పనులు ఎలా చేశాడన్నదొక్కటే నాకు కలిగిన ఉత్కంఠ. తెలుగు డబ్బింగులో విలన్ మాటలు పౌరాణిక నాటకంలో రాక్షసుడు మాట్లాడినట్టుండేవి. వీరుడు మాత్రం బ్యాంకులో లోను అడుగుతున్నవాడిలా మెత్తగా మాట్లాడేవాడు. ఇంత హీనంగా చెబుతున్నానంటే ఆ సినిమాని నేను శ్రద్ధగా చూశానని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. చూడక తప్పలేదు. నన్ను కాపలా పెట్టారు.

కాపలా మా అక్కకి. అంటే మా పెదనాన్న కూతురు. పెదనాన్నకి మా ఊరి బజార్లో బెల్లం, చింతపండు హోల్‌సేల్ కొట్టు ఉండేది. భాగస్తుల తగాదాల్లో ఒక సినిమా హాలు ఆయన వాటాకొచ్చి పడింది. అది రావాలని ఆయన కోరుకోలేదు, అది కూడా ఆయన్ని కోరుకున్నట్టు కనిపించేది కాదు. హాలుని ఆయన గోడౌనులో ఒక గదిగానే చూశాడు. బాల్కనీ మెట్ల కింద చింతపండు బుట్టలు, తెర వెనక బెల్లం దిమ్మలు. వానాకాలం తలుపులు మూస్తే కథానాయిక ఏడుస్తున్నా, విలన్ నవ్వుతున్నా హాలంతా పులుపూ తీపీ కలిసిన ఒకటే వాసన. తెర వెనక్కి చీమలు బారులు తీరేవి. తను ఆడించే సినిమాలు ఆయన చూసేవాడు కాదు. "నా కొట్లో చింతపండంతా నేను తింటున్నానా ఏంటి" అనేవాడు. పెద్దమ్మ మాత్రం చూసేది. హాలు ఆవిడ పేర రాయించారు కాబట్టి తన బాధ్యతగా ప్రతి శుక్రవారం వెళ్ళి గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆడుతున్నది ఏదైనా సరే మొదటి పాట దాకా చూసి వచ్చేసేది. డబ్బింగు సినిమాలకి మాత్రం గడపతో సరిపెట్టేది. వాటిలో పాటలుండవు కనక ఎంతవరకు చూడాలో తేలేది కాదు.

అక్కకి ఆ ఏడు వైశాఖంలో పెళ్ళయింది. బావకి యానాంలో ఉద్యోగం. ఈ వార్త విన్న రోజు మా ఇళ్ళల్లో మగవాళ్ళ ముఖాలు వెలిగిపోవడం నేను కళ్ళారా చూశాను. యానాంలో అల్లుడంటే వాళ్ళకి ఒక అల్లుడు కాదు, ఒక సదుపాయం. తీరా పెళ్ళిలో తెలిసింది, ఆయన తాగడు, తేడు, ఎవరైనా అడిగితే లివరు గురించి చెబుతాడు. మా బాబాయిలిద్దరు ఆ దుఃఖంలోంచి చాలాకాలం తేరుకోలేదు. మా బావకున్న వ్యసనం ఒక్కటే, ముసుగు వేసుకుని ఎగిరే మనుషుల సినిమాలు. పెళ్ళి రాత్రి పంతులుగారు అరుంధతీ నక్షత్రం చూడమంటే, ఇంకెవరైనా అటుగా ఎగురుతూ వస్తారేమో అన్నంత శ్రద్ధగా ఆకాశం చూశాడు. మనిషి మంచివాడు. కానీ నిక్కరు బయటికి కనిపించే వీరుణ్ణి గురించి పెళ్ళయిన మగవాడు గొంతు వణికేలా మాట్లాడితే వినడం కష్టం.

కాపురం మొదలై కొన్ని వారాలైనా కాకుండానే ఆషాఢం వచ్చిపడింది. మా వైపు ఆచారం తెలిసిందే. ఆ నెల కొత్త పెళ్ళికూతురు పుట్టింట్లో ఉండాలి. కొత్త అల్లుడు అత్తారింటికి రాకూడదు. అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు, దాటితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. దాటినవాళ్ళు లేరు కనక తెలిసే వీలు లేదు. పెదనాన్న వెళ్ళి అక్కని తీసుకొచ్చేశాడు. ఇంట్లో ఫోను హాలు మధ్యలో, ఆయన పడక్కుర్చీకీ బియ్యం డ్రమ్ముకీ నడుమ ఉండేది. బావ ఫోను చేస్తే అక్క వైపు నుంచి మాకు వినిపించేది ఇంతే: "ఆ. తిన్నాను. ఆ, ఇక్కడా వానే. ఆ. ఉంటాను." ఉంటాను అన్నాక కూడా రిసీవరు పెట్టేది కాదు. పెదనాన్న పేపరు మడతపెట్టి "బిల్లు ఎవరికొచ్చినా బిల్లేనమ్మా" అనేదాకా అలాగే నిలబడేది. అక్క మామూలుగా ఎవరి మాటా పడే మనిషి కాదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో నా జోకులకి నవ్వకుండా నిలబడ్డ మొదటి మనిషి ఆవిడే. అలాంటిది ఆ నెల మొదట్లోనే డీలా పడిపోయింది. కూరలో ఉప్పు వేయలేదని పెద్దమ్మ అంటే, "వేసుకోండి" అని ఊరుకునేది. వెటకారం లేదు, అదీ మాకు భయం.

ఇలా ఉండగా ఆ రెండో భాగం మా హాలుకొచ్చింది. ఆషాఢం హాళ్ళకి కూడా బడుగు మాసమే. కాలవలకి నీళ్ళొదిలి ఊడ్పులు మొదలవుతాయి, జనం చేలల్లో ఉంటారు, పెద్ద హీరోలెవరూ సినిమాలు వదలరు. అలాంటప్పుడు హాలు మూసేయడం ఇష్టం లేక ఇలాంటివి తెచ్చి ఆడిస్తారు. ఈ సంగతి పేపర్లో చూసి బావ ఫోను చేశాడు. అక్క "ఆ. ఆ. మ్యాట్నీనా? ఆ" అని పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి, నాకు ఒక గారె ఎక్కువేసింది. ఏదో పని పడిందని అర్థమైంది. "ఒరేయ్, రేపు మ్యాట్నీకి నాతో రావాలి. ఇంగ్లీషు సినిమా. కాలేజీ చదువుతున్నావు, నువ్వొస్తే అర్థమవుతుందని అమ్మతో చెప్పాను" అంది. తెలుగులో డబ్బింగు చేసిన సినిమాకి అర్థం చెప్పడానికి నేనెందుకని అడిగితే, "ఎక్కువ మాట్లాడకు. ఆయనొస్తున్నారు. హాలుకొస్తే ఇంటికొచ్చినట్టు కాదు కదా" అంది. నిజమే అనిపించింది. మా ఇంట్లోవాళ్ళు ఎవరూ చచ్చినా చూడని సినిమా అది. వానపడే మధ్యాహ్నం, ఖాళీ బాల్కనీ, చీకటి. ఆ నెలకి వాళ్ళిద్దరికీ దొరకబోయేది ఆ ఒక్క ఆట. మర్నాటి నుంచి బావని ఏదో ట్రైనింగుకి మద్రాసు పంపుతున్నారు, మళ్ళీ శ్రావణంలోనే రావడం.

వాళ్ళు లెక్కలోకి తీసుకోనిది ఒక్కటే, గోదావరి జిల్లా మర్యాద. టికెట్ల కిటికీలో ఉన్నాయన పెళ్ళిలో వడ్డన చేసిన మనిషి. బావ ముఖం చూడగానే లేచి నిలబడి, టికెట్టు ఇవ్వనన్నాడు. బావ తనకి టికెట్టు కావాలన్నాడు. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని "మీ దగ్గర డబ్బులు తీసుకుంటే నేను ఈ ఊళ్ళో ఉండక్కర్లేదండి" అన్నాడు. బావ గుట్టుగా, ఎవరికీ చెప్పొద్దని బతిమాలితే, "అబ్బే, నేనెవరికి చెబుతానండీ" అని హామీ ఇచ్చి, బావ బాల్కనీ మెట్లెక్కేలోపు గేట్‌కీపర్ని సైకిలు మీద ఇంటికి తరిమాడు. అల్లుడుగారు వచ్చి హాల్లో ఉత్తి కుర్చీలో, ఉత్తి కడుపుతో కూర్చున్నారని తెలిసీ కబురు చేయకపోతే రేపు అయ్యగారికి ముఖం ఎలా చూపిస్తాడు? ద్రోహం చేయాలని కాదు. వాళ్ళ మనసులో అలాంటిది లేదు. అదే వాళ్ళతో వచ్చిన చిక్కు.

మాకవేమీ తెలియవు. బాల్కనీలో మేం ముగ్గురమే. కింద బెంచీల్లో మాత్రం పదిమందో పన్నెండుమందో లారీ డ్రైవర్లు. కడియం నర్సరీల్లో మొక్కలు ఎక్కించుకోవడానికి ఎక్కణ్ణుంచో వచ్చి, వానకి లోడింగు ఆగి, కాలక్షేపానికి వచ్చారు. వాళ్ళకి తెలుగు రాదు. ఆ డైలాగులకి అంతకన్నా సరైన ప్రేక్షకులు దొరకరు. నేను తోడొచ్చినవాణ్ణి కనక వెనక వరసలో కూర్చున్నాను. ముందు వరసలో అక్కా, బావా. బావ అప్పటికే కాకినాడలో ఆ సినిమా చూసేశాడు, ఎన్నిసార్లో చెప్పించుకోవడం నాకిష్టం లేకపోయింది. ప్రతి ఉత్కంఠకీ ముందే అక్క వైపు వంగి "ఇప్పుడు చూడు" అనేవాడు. ఇప్పుడు చూడు అనగానే వీరుడు గడియార స్తంభం మీంచి పడ్డాడు. పడుతూ ముల్లు పట్టుకున్నాడు. ముల్లు వంగింది. బావ కుర్చీ చేతిని పట్టుకున్నాడు. అక్క అతని చేతిని పట్టుకుంది. నేను తెర వైపు చూశాను, చూడక్కర్లేని చోటు అదొక్కటే.

విమానం కూలుతున్నప్పుడు జరిగిందిది. రెక్క మండుతోంది, లోపల పసిపిల్లలు ఏడుస్తున్నారు, వీరుడు మేఘాల్లోంచి దూసుకొస్తున్నాడు, బావ "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అంటున్నాడు. హాల్లో లైట్లన్నీ వెలిగాయి. విమానం గాల్లోనే ఆగిపోయింది. కరెంటు పోయిందనుకోవడానికి లేదు, ఫాన్లు తిరుగుతున్నాయి. బాల్కనీ తలుపు తోసుకుని మా పెదనాన్న వచ్చాడు, ఉతికిన చొక్కాతో, పైన కండువాతో. వెనక గేట్‌కీపరు రెండు చేతుల్లో రెండు క్యారియర్లతో. "ఏంటి బాబూ ఇది, కబురైనా లేకుండా! పరాయివాళ్ళలాగా!" అన్నాడు. బావ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఏదో దొరికిపోయిన ముఖం, దాని మీద అల్లుడి నవ్వు. గారెలు, పులిహోర, కాజాలు, సున్నుండలు, అరిటాకు ముక్కలు, ఆఖరికి చేతులు కడుక్కోవడానికి చెంబు కూడా వచ్చింది. పెదనాన్న కిందకి తొంగి చూసి, లారీవాళ్ళు లైట్లలో కళ్ళు చికిలించుకుంటూ కూర్చోవడం చూశాడు. పదిమంది చూస్తుండగా అల్లుడొక్కడికే పెట్టడం ఆయన వల్ల కాలేదు. ఇంటికి మళ్ళీ సైకిలు వెళ్ళింది. కాసేపటికి బెంచీల్లో కూడా ఆకులు పరిచారు. వాళ్ళలో ఒకాయన కాజా కొరికి, పైకి చూసి "పిక్చర్ బహుత్ అచ్ఛా హై" అన్నాడు. ఆ సినిమాకి మా ఊళ్ళో దొరికిన ప్రశంస అదొక్కటే.

అంతటితో అయిపోతే బాగుండేది. క్యారియర్ల వెనకే రిక్షాలో పెద్దమ్మ కూడా వచ్చిందట. అల్లుడు తిన్నాడో లేదో దగ్గరుండి చూడాలిగా. కటకటాల గేటు దాటి లోపలి గడప మీద కాలు పెట్టబోతూ, తను శుక్రవారం రాసిన పసుపు చూసుకుని, కాలు వెనక్కి తీసుకుంది. హాలు తన పేర ఉంది. గడపకి పసుపు తను రాస్తోంది. అల్లుడు లోపలున్నాడు. అంటే ఆషాఢంలో అల్లుడు అత్తారింటికి వచ్చేసినట్టే కదా! ఆవిడ రోడ్డు అవతల టైలరు కొట్టు చూరు కింద నిలబడి, సిద్ధాంతిగారికి ఫోను చేయించింది. సినిమా హాలుకి గడప ఉన్నట్టా లేనట్టా అన్న ప్రశ్న ఆయన శాస్త్రంలో ఎక్కడా చూసినట్టు లేదు. కొంచెం ఆలోచించి, "అత్తగారు లోపలికెళ్ళకూడదు, అల్లుడుగారు బయటికి రాకూడదు, ఎవరున్న చోట వాళ్ళుంటే దోషం లేదు" అన్నాడట. ఆయన చెప్పింది పాటిస్తే మా బావ శ్రావణం దాకా అదే సినిమా చూస్తూ ఉండాలి. అతనికి అభ్యంతరం ఉండేదని నేననుకోను.

ఇక రోడ్డవతల నుంచి గేటుకీ, గేటు నుంచి బాల్కనీకీ కబుర్లు మొదలయ్యాయి. "అల్లుడుగారికి ఇంకో రెండు గారెలు వేయమంటున్నారండి." "పులిహోరలో కారం ఎక్కువైందేమో అడగమన్నారండి." "అమ్మగారు తడుస్తున్నారండి, అయినా ఫర్వాలేదని చెప్పమన్నారండి." సినిమా మళ్ళీ మొదలైంది, విమానం దిగింది, ఎవరూ చూడలేదు. అన్నిటికన్నా ఘోరం, అల్లుడికి తోడుగా ఉండడం తన ధర్మమని పెదనాన్న బావ పక్క కుర్చీలో కూర్చున్నాడు. అది అక్క కుర్చీ. అక్క లేచి, నా పక్కకి వచ్చి కూర్చుంది. పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా ఏడవని మనిషి. ఇప్పుడూ ఏడవలేదు. సున్నుండ ఒకటి చేతిలో పట్టుకుని, తినకుండా, దాన్ని వేళ్ళతో పొడి చేస్తూ, ముందు వరసలో ఉన్న రెండు తలకాయల వైపు చూస్తూ కూర్చుంది. బయట వాన పెరిగింది. సినిమా ఆఖరి రీళ్ళకొస్తోంది. ఆ ఆట అయిపోతే బావ బస్సెక్కాలి.

ఆనకట్ట ఘట్టం వచ్చింది. గడ్డం యువకుడి వీడియోలో ఇదే అన్నిటికన్నా పైది. మంచు కొండలు, మధ్యలో ఆకాశమంత ఎత్తు గోడ, నీలం నీళ్ళు. ఇనప దవడ విలన్ గోడకి బీట పెట్టాడు. కింద ఊళ్ళో కథానాయిక బట్టలారేస్తోంది. వీరుడు వచ్చి, బీటకి వీపు ఆనించి, పళ్ళు బిగించి నిలబడ్డాడు. గోడ వణుకుతోంది. సంగీతం చెవులకి చిల్లులు పెడుతోంది. బావ, పాపం, మామగారు పక్కనున్నా ఆపుకోలేక "ఇప్పుడు చూడండి" అన్నాడు.

"గేట్లేవి బాబూ?" అన్నాడు పెదనాన్న.

"ఉండవండి మావయ్యగారూ. గోడే."

"గేట్లు లేకుండా ఆనకట్ట ఎలా కట్టారు? ఇరిగేషన్ వాళ్ళు చూళ్ళేదా?"

"తెలీదండి."

"మన ధవళేశ్వరంలో వరదొస్తే గేట్లు పైకి లేపేస్తారు, నీళ్ళు సముద్రంలోకి పోతాయి. నా చిన్నప్పట్నుంచి చూస్తున్నాను, గోడకి వీపు ఆనించినవాణ్ణి ఒక్కణ్ణి చూళ్ళేదు. చొక్కా పాడవడం తప్ప ఉపయోగం ఏంటి?"

"అవునండి."

"పైగా ఎత్తు చూడు. ఇంత నీళ్ళు నిలబెట్టి ఏం పండిస్తున్నారంట? కింద ఒక్క చేనూ కనపడదే!"

"అవునండి మావయ్యగారూ."

నేను ఆ సినిమాని ఎంత తక్కువగా చూస్తానో చెప్పాను. అయినా ఆ రెండో 'అవునండి' వింటే నాకే బాధేసింది. తెర మీద ముసుగు మనిషి భుజాల మీద ఆనకట్ట ఉంది, నిజమే. ఇవతల మా బావ భుజం మీద పెదనాన్న చెయ్యి ఉంది. రెండోది బరువు. నేను తెగించి "పెదనాన్నా, సినిమాలో అన్నీ అలాగే ఉంటాయిలే" అన్నాను. "అదే చెబుతున్నాను, ఉండకూడదని" అన్నాడాయన.

పక్కనే అక్క చేతులు దులుపుకుంది. లేచింది. పొడుం చీర మీంచి రాలిపోయేలా కుచ్చిళ్ళు విదిలించుకుంది. వెళ్ళి తండ్రి కుర్చీ పక్కన నిలబడింది.

"నాన్నా, అమ్మ రోడ్డు మీద ఒక్కతే నిలబడింది."

"ఇంటికెళ్ళిపొమ్మన్నానమ్మా."

"ఈయన తిన్నారో లేదో తెలియకుండా ఎలా వెళ్తుంది?"

"తిన్నారని కబురు పంపాంగా."

"కబుర్లు ఆవిడ నమ్మట్లేదు. మీరెళ్ళి చెప్పండి. ఎన్ని గారెలు తిన్నారో, ఏది నచ్చిందో, అన్నీ వివరంగా చెప్పండి. చెప్పి ఆవిణ్ణి రిక్షాలో ఇంటికి తీసుకెళ్ళండి. తడిసి జ్వరం తెచ్చుకుంటే రేపు ఈయన కోసమే తడిసిందంటారు."

అల్లుడి కారణంగా అత్తగారికి జ్వరం. అంతటి అమర్యాదని మా పెదనాన్న ఊహించుకోలేడు. కండువా సర్దుకుని, "ఏమీ అనుకోకు బాబూ, మళ్ళీ శ్రావణంలో తీరిగ్గా చూద్దాం" అని గబగబా మెట్లు దిగిపోయాడు. అక్క ఆయన కుర్చీలో కూర్చుంది. ఈలోగా ఆనకట్ట నిలబడింది, ఊరు బతికింది, వీరుడు నీళ్ళు కారుతూ ఆకాశంలోకి వెళ్ళిపోతున్నాడు. ఇంక మిగిలింది ముగింపు, పేర్లు. అక్క వెనక్కి తిరిగి, ఖాళీ క్యారియర్లు సర్దుకుంటున్న గేట్‌కీపర్ని పిలిచింది.

"ఆపరేటరుగారికి చెప్పండి, ఆ ఆనకట్ట రీలు మళ్ళీ వేయమని. అల్లుడుగారు అడిగారని చెప్పండి."

బావ అడగలేదు. అతను అక్క వైపు చూసిన చూపు నేను చూశాను. కథానాయిక ఏ ఘట్టంలోనూ ఆ వీరుడి వైపు అలా చూడలేదు. అల్లుడుగారు అడిగారంటే మా హాల్లో ఆపరేటరు పాత రీలు కాదు, పాత సినిమాలన్నీ వేసేవాడు. తెర తెల్లబడింది, గరగరలాడింది, మళ్ళీ మంచు కొండలు, మళ్ళీ ఇనప దవడ. కింద లారీవాళ్ళు అభ్యంతరం చెప్పలేదు. కాజాలు మిగిలున్నాయి. వీరుడు మళ్ళీ వీపు ఆనించాడు, కథానాయిక మళ్ళీ బట్టలారేసింది. నాకు ఒకసారికే విసుగొచ్చిన ఘట్టం రెండోసారికి హింస అయింది. ముందు వరసలో మాత్రం అలికిడి లేదు. ఆనకట్ట రెండోసారి బీటలు వారే సమయానికి మా అక్క కళ్ళు మూసుకుని ఉంది, తల అతని భుజానికి ఆనీ ఆననట్టుగా. ఉత్కంఠ తట్టుకోలేక మూసుకుందని మా బావ ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

ఆట అయ్యాక అతన్ని తెర వెనక తలుపులోంచి, బెల్లం దిమ్మల మధ్య నుంచి, గడప లేని దారిలో పంపించేశాం. శ్రావణం వచ్చింది, వాళ్ళు యానాం వెళ్ళారు, తరవాత రాజమండ్రిలో స్థిరపడ్డారు. పెదనాన్నా, పెద్దమ్మా లేరు. హాలు అమ్మేశారు. కొన్నవాళ్ళు దాన్ని ఫంక్షన్ హాలు చేశారు, అక్కడి పెళ్ళిళ్ళలో పెట్టే గారెలు నేను తిన్నాను, వాటి గురించి మాట్లాడను. ఈ ఇరవై ఏళ్ళలో ఆ ముసుగు వీరుడికి ఇంకా ఎన్నో భాగాలు వచ్చాయి, మధ్యలో మనుషుల్ని కూడా మార్చారట. మా బావ మాత్రం ఏ చుట్టాలింటికి వెళ్ళినా, అక్క ముందే, ఈ రెండో భాగం సంగతి ఎత్తుతాడు. "మీ అక్క చూసిన మొదటి ఇంగ్లీషు సినిమా. అంత నచ్చేసి ఆనకట్ట రీలు మళ్ళీ వేయించుకుని చూసింది. టేస్టు ఉండాలోయ్" అంటాడు. అక్క లేచి కాఫీ పెట్టడానికి వెళ్తుంది. నాకు తెలిసినంతలో ఇన్నేళ్ళలో ఎప్పుడూ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆదివారం పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళాను. మా బావ రిటైర్మెంటుకి ముందే ఉద్యోగం మానుకుని ఇంటి పట్టున ఉంటున్నాడు. మాయదారి టీవీ, పేపరు, ఫోను, అక్కతో మాటా, మాటకి మాటా. నేను వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు, నుదుటి మీద జుట్టు ఉన్నంతలో దువ్వాడు. అక్క నేల మీద పేపరు పరిచి గోంగూర కాడల నుంచి ఆకు దూస్తోంది. బావ ఫోను ఆవిడ ముఖం ముందు పెట్టి మూడు టికెట్లు చూపించాడు. ఆవిడకి కనిపిస్తున్నాయో లేదోనని తనే రెండు వేళ్ళతో వాటిని పెద్దవి చేశాడు. కాలం మనుషుల్ని పెద్దవాళ్ళని చేస్తుందంటారు కానీ, కొందరి దగ్గర ఆ పని సగంలో వదిలేసి వెళ్ళిపోతుంది.

"ఏంటివి?" అంది అక్క.

"నీ సినిమా. మ్యాట్నీ. కొత్త తెర, కొత్త సౌండు. ఆనకట్ట సీనులో సీట్లు ఊగుతాయట. లే, చీర మార్చుకో."

అక్క చేతిలో ఉన్న కాడ పూర్తిగా దూసి, ఆకు గిన్నెలో వేసి, కాడ పక్కన పడేసింది. అప్పుడు తలెత్తింది.

"ఆ దిక్కుమాలిన సినిమా ఆ రోజు రెండోసారి వేయించింది మీ పక్కన ఇంకాసేపు కూర్చోవడానికండీ. ఇప్పుడు పొద్దస్తమానం పక్కనే ఉంటున్నారు, ఇంక దాంతో నాకేం పని? మీరూ వాడూ వెళ్ళి రండి."